కారు గడపకో దీపం, ఆ దీపానికో ఫ్యూజు

ఇది రాయడానికి కారణం మా అమ్మ ఎడమ మోకాలి మీద ఉన్న మచ్చ.

పోయిన ఏడాది గాజువాకలో చుట్టాల పెళ్ళికి వెళ్ళి, రాత్రి పదకొండు దాటాక విశాఖపట్నం సీతమ్మధారలో మా అపార్ట్‌మెంటుకి తిరిగొచ్చాం. సెల్లార్‌లో మాకిచ్చిన పార్కింగు లిఫ్టుకి దూరంగా ఒక లావుపాటి స్తంభం వెనక ఉంటుంది, ట్యూబులైటు వెలుగు ఆ స్తంభం దగ్గరే ఆగిపోతుంది. అమ్మ వెనక సీట్లోంచి దిగుతూ కుడికాలు కింద పెట్టింది, ఎడమకాలు బయటికి తీస్తుంటే చెప్పు అంచు తలుపు కింద ఉండే గట్టుకి తగిలింది. చేతిలో తాంబూలం సంచీ, ఒంటి మీద పట్టుచీర, పట్టుకోవడానికి దగ్గరలో ఏమీ లేదు, సిమెంటు నేల మీద మోకాలు కొట్టుకుని పడింది. ఎముక విరగలేదు. కానీ ఆవిడకి 68 ఏళ్ళు, షుగరు ఉంది, ఆ చిన్న గాయం మానడానికి నెల దాటింది. ఆ నెల రోజులూ కట్టు మారుస్తున్నప్పుడల్లా ఆ గట్టు నా కళ్ళ ముందే ఉండేది.

కారులో లైటు వెలుగుతూనే ఉంది కదా, ఎలా పడింది అని ఇంట్లో అందరూ అడిగారు. వెలుగుతూనే ఉంది. మర్నాడు రాత్రి సెల్లార్‌కి వెళ్ళి వెనక సీట్లో నేనే కూర్చుని, తలుపు తీసి, దిగి చూశాను. క్యాబిన్ లైటు మన తల పైన ఉంటుంది, దిగేటప్పుడు మనిషి ముందుకి వంగుతాడు, వంగగానే మన ఒంటి నీడే మన పాదాల మీద పడుతుంది. గట్టు నలుపు ప్లాస్టిక్, చెప్పు నలుపు, నేల బూడిద రంగు. అంటే కాలు తగలడానికి వీలున్న ఆ ఒక్క చోటే పైనున్న లైటు పనికి రావట్లేదన్నమాట. ఇంకో నాలుగు లైట్లు పైన పెట్టినా ఇంతే. వెలుగు కింద నుంచి రావాలి, ఆ గట్టు నుంచే రావాలి.

ఆ వెలుగు ఇచ్చే వస్తువు బజార్లో ఎప్పట్నుంచో ఉంది. తలుపు తీయగానే కింద గట్టు మీద కారు పేరో, ఒక గీతో వెలుగుతుంది చూశారా, అదే. షాపుల్లో స్కఫ్ ప్లేటు అంటారు, సిల్ ప్లేటు అంటారు, కొందరు ఫుట్‌స్టెప్ లైటు అంటారు. ఖరీదైన కార్లకి కంపెనీ వాళ్ళే బిగించి ఇస్తారు, మనలాంటి వాళ్ళ కార్లకి యాక్సెసరీగా దొరుకుతుంది. నా ఫ్రెండ్స్‌కి చెబితే, అది కుర్రాళ్ళ షో కదా, నీకెందుకు అన్నారు. నిజం చెప్పాలంటే అమ్మ పడేదాకా నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఇప్పుడు అస్సలు ఒప్పుకోను. పెద్దవాళ్ళు ఎక్కి దిగే ప్రతి కారుకీ ఈ లైటు ఉండాలి అంటాను, స్టీరియో కన్నా ముందు, సీటు కవర్ల కన్నా ముందు.

ఇక్కడి దాకా ఎవరితోనైనా వాదించగలను. అసలు గొడవ దాన్ని బిగించడంలో ఉంది.

నాలుగు ప్లేట్ల సెట్టు 1800 రూపాయలకి కొన్నాను, ఫిట్టింగు 400. ఏ షాపో చెప్పను, చెప్పి లాభం కూడా లేదు, ఎందుకంటే ఆ తర్వాత ఆరా తీస్తే ఇంచుమించు అందరూ చేసేది అదే పద్ధతి. షాపు కుర్రాడు మంచివాడు, చేతిలో పనితనం ఉన్నవాడు. "అన్నా, టెన్షన్ పడకండి, రోజుకి ఎన్ని బళ్ళకి వేస్తున్నామో" అన్నాడు. నేను టీ తాగి వచ్చేసరికి పని అయిపోయింది, ఇరవై అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. సాయంత్రం అమ్మకి తలుపు తీసి చూపిస్తే నీలం వెలుగులో అక్షరాలు మెరిశాయి. ఆవిడ ముఖం చూసి ఆ 2200 రూపాయలకీ విలువ దక్కింది అనుకున్నాను.

ఒకటి మాత్రం ఆ రోజే గమనించాను. మా కారులో ఏ తలుపు తెరిచి ఉందో డ్యాష్‌బోర్డు మీద బొమ్మలో విడిగా కనిపిస్తుంది. లైట్లు వేయించాక ఏ ఒక్క తలుపు తీసినా నాలుగూ తెరిచి ఉన్నట్టు చూపించేది. ప్లేట్లు కూడా నాలుగూ ఒకేసారి వెలిగేవి. అదీ ఒక అందమే అనుకుని వదిలేశాను. అక్కడే ఆగి అడిగుండాల్సింది.

వానాకాలం వచ్చింది. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు ఎప్పుడైనా ఆ నాలుగు తలుపుల బొమ్మ ఒక్క క్షణం వెలిగి ఆరిపోయేది. తలుపు సరిగ్గా పడలేదేమో అని ఆగి, మళ్ళీ తీసి వేసేవాణ్ణి. తర్వాత ఒకసారి రైల్లో శ్రీకాకుళం వెళ్ళి నాలుగు రోజులుండి తిరిగొచ్చేసరికి కారు స్టార్ట్ అవ్వలేదు, కనీసం రిమోట్‌కి తాళం కూడా తెరుచుకోలేదు. బ్యాటరీ కొని ఏడాది కూడా కాలేదు. మెకానిక్ వచ్చి వేరే బ్యాటరీ కలిపి స్టార్ట్ చేసి, బ్యాటరీలో తప్పేమీ లేదండీ, ఏదో లాగేస్తోంది అని వెళ్ళిపోయాడు.

మా బావ ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పనిచేస్తాడు. ఆదివారం మీటరు పట్టుకుని వచ్చాడు. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పి, మధ్యలో మీటరు పెట్టి, కారు తాళం వేసి కాసేపు ఆగమన్నాడు. ఇప్పటి కార్లు తాళం వేయగానే పూర్తిగా నిద్రపోవు, లోపలి కంప్యూటర్లు ఒక్కొక్కటీ ఆగడానికి టైము పడుతుంది. అవన్నీ పడుకున్నాక బ్యాటరీ నుంచి పోయే కరెంటు మామూలుగా 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉండాలి. మాది 400 దాటి చూపిస్తోంది.

లెక్క వేయండి. 0.4 ఆంపియరు చొప్పున నాలుగు రోజులు, అంటే 96 గంటలు, 38 ఆంపియర్-అవర్లు. మా బ్యాటరీ మొత్తం కలిపి 35. తలుపులన్నీ మూసి ఉన్న కారులో ఆ నాలుగు ప్లేట్లూ రాత్రీ పగలూ వెలుగుతూనే ఉన్నాయి. తలుపు మూశాక గట్టు కనబడదు, రబ్బరు బీడింగు వెలుగుని బయటికి రానివ్వదు, కాబట్టి పక్కనే నిలబడినా ఎవరికీ తెలియదు. ఆ మాట బావ నోట విన్నప్పుడు నాకు నిజంగా భయమేసింది. బ్యాటరీ గురించి కాదు, కనబడకుండా అక్కడ ఇంకేం జరుగుతోందో అని.

బావ గట్టు మీద ప్లాస్టిక్ ఊడదీశాడు. ఎడమ వెనక తలుపు దగ్గర ప్లేటు తాలూకు నల్ల వైరు ప్లాస్టిక్ క్లిప్పుకీ రేకుకీ మధ్య నలిగిపోయి, పైతోలు చిట్లి, లోపలి రాగి రేకుకి ఆనుకుని ఉంది. ఆ రాగి ఎర్రగా లేదు, పచ్చగా చిలుము పట్టి ఉంది. మన ఊరి గాలి సంగతి తెలిసిందే కదా, బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఉన్నవాళ్ళ ఇళ్ళలో కిటికీ ఊచలు ఎలా తుప్పు పడతాయో, ఏసీ బయటి యూనిట్లు ఎలా తినేస్తాయో. ఉప్పు, తేమ కలిసిన గాలి తోలు ఊడిన రాగిని ఊరికే వదలదు. వైరుని మధ్యలో కొరికి పట్టుకునే నీలం ప్లాస్టిక్ క్లిప్పులు వాడాడు ఆ కుర్రాడు. కోసి అతికే పని లేకుండా టక్కున నొక్కేస్తే కరెంటు వచ్చేస్తుంది కాబట్టి అందరికీ అవంటే ఇష్టం. కానీ ఆ క్లిప్పులో ఉన్న రేకు ముక్క కారు అసలు వైరు తోలుని కోసి లోపలికి దిగుతుంది. ఆ కోత దగ్గర్నుంచే తేమ లోపలికి పోతుంది. మూడు క్లిప్పుల్లో అప్పటికే చిలుము మొదలైంది.

జరిగిందేమిటో బావ కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. చాలా కార్లలో తలుపు స్విచ్చి చేసే పని ఎర్త్ కలపడమే, అంటే తలుపు తీయగానే ఆ వైరు కారు బాడీకి తగులుతుంది, దాంతో లైటు వెలుగుతుంది. ఆ కుర్రాడు ప్లేట్ల ఎర్ర వైర్లు నాలుగూ కలిపి ఎప్పుడూ కరెంటుండే లైనుకి ఇచ్చాడు, నల్ల వైర్లు నాలుగూ కలిపి నాలుగు తలుపుల స్విచ్చి వైర్లకీ ఒకే ముడి వేశాడు. అందుకే ఒక తలుపు తీస్తే కారుకి నాలుగూ తీసినట్టు అనిపించింది. అదే నల్ల వైరు ఎక్కడో నలిగి రేకుకి తగిలితే ఇక స్విచ్చితో పని లేదు, తలుపు ఎప్పుడూ తెరిచే ఉన్నట్టు.

తర్వాత ఆయన అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "బావా, నలిగింది నల్ల వైరు కాబట్టి బ్యాటరీతో పోయింది. ఎర్ర వైరు నలిగుంటే సెల్లార్‌లో కారు కాలిపోయేది."

ఇది అందరికీ అర్థం కావాలి, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను. ఎర్ర వైరు తీసుకున్న లైను వెనక ఫ్యూజు బాక్సులో ఉన్నది పసుపు ఫ్యూజు, అంటే 20 ఆంపియర్లు. ప్లేటుతో వచ్చిన వైరు మన పాత సెల్‌ఫోను ఛార్జరు వైరు కన్నా సన్నం. ఆ సన్న వైరు తోలు చిట్లి రేకుకి తగిలిందనుకోండి, పది, పదిహేను ఆంపియర్లు దాని గుండా పోతాయి, 20 ఆంపియర్ల ఫ్యూజుకి అది మామూలు లోడే, అది కదలదు, మెదలదు. ఈలోపు వైరు ఎర్రగా కాలిపోతుంది, దాని పైన కార్పెట్టు, కింద ఫోము. ఫ్యూజు లైటుని కాపాడడానికి అనుకుంటారు చాలామంది, అది కాపాడేది వైరుని. వైరు సన్నబడిన చోట ఫ్యూజు కూడా చిన్నదవ్వాలి. నాలుగు ప్లేట్లూ కలిపి అర ఆంపియరు కూడా తాగవు, వాటికి 2 ఆంపియర్ల బూడిదరంగు ఫ్యూజు చాలు, అది దొరక్కపోతే 3 ఆంపియర్ల వంకాయ రంగుది. పది, ఇరవై రూపాయల వస్తువు. 2200 తీసుకున్న పనిలో అది లేదు.

నన్నడిగితే షాపుకి వెళ్ళగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఏ రంగు వెలుగుతుంది, కారు పేరు వస్తుందా అని కాదు. దీనికి విడిగా ఫ్యూజు ఎక్కడ పెడుతున్నావు బాబూ, చూపించు అని. చూపించలేకపోతే ప్లేట్లు కొనుక్కుని ఇంటికొచ్చేయండి, వైర్లు మాత్రం తాకనివ్వకండి.

ఆ గట్టు కింద ఏముంటుందో నేను ఒకసారి ముందే చూసి ఉన్నాను, మర్చిపోయానంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా పాత కారులోకి నీళ్ళు చేరాయి. కరెంటు లేని ఆ రోజుల్లో మెకానిక్ తలుపులు నాలుగూ తీసి, కార్పెట్లు ఎత్తి ఎండబెట్టాడు, గట్టు ప్లాస్టిక్ తీసినప్పుడు దాని కింద బొటనవేలంత లావు వైర్ల కట్ట ముందు నుంచి వెనక దాకా పోతూ కనిపించింది. వెనక లైట్లు, పెట్రోలు పంపు, వెనక తలుపుల అద్దాలు, అన్నిటి వైర్లూ ఆ దారినే పోతాయి. మనం అలంకారం అనుకుని మేకు దిగ్గొట్టినట్టు బిగించే చోటు కారుకి వెన్నుపాము ఉన్న చోటు.

ఆ కట్టలో పసుపు రంగు తొడుగు వేసిన వైర్లు కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. అవి ఎయిర్‌బ్యాగులవి, ప్రమాదంలో సీటు బెల్టుని లాగి బిగించే పరికరానివి. వాటిలో కరెంటు ఉందో లేదో చూద్దామని మీటరు పెట్టడం కూడా తప్పు, మీటరు ఓమ్స్‌లో ఉన్నప్పుడు దాని నుంచి వెళ్ళే కొద్దిపాటి కరెంటే ఎయిర్‌బ్యాగుని తెరిచే మందుని పేల్చేయొచ్చు. బ్యాటరీ నెగెటివ్ తీసేసినా ఎయిర్‌బ్యాగు కంప్యూటర్లో ఉండే కెపాసిటర్లలో కాసేపు కరెంటు నిలవ ఉంటుంది, కాబట్టి తీసిన వెంటనే పనిలోకి దిగకుండా కొన్ని నిమిషాలు ఆగాలి. మా బావ అయితే తీసేసి పైకొచ్చి, అమ్మ చేతి కాఫీ తాగి, అప్పుడు కిందికెళ్ళాడు.

ఆ ఆదివారం మేమిద్దరం చేసిన పని చెబుతాను, ఎవరికైనా ఉపయోగపడుతుంది. ముందు ఆ నీలం క్లిప్పులన్నీ తీసేశాం. అవి కొరికిన చోట కారు వైర్లని శుభ్రం చేసి, సోల్డరు పెట్టి, పైన వేడికి ముడుచుకునే స్లీవు తొడిగాం. ఇక కారు సొంత వైరు దేన్నీ ముట్టుకోకూడదు అని నియమం పెట్టుకున్నాం. కరెంటు ఫ్యూజు బాక్సు నుంచే తీసుకున్నాం. దానికోసం ఒక అడాప్టరు దొరుకుతుంది, ఫ్యూజు ఉన్న గుంటలో దాన్ని గుచ్చితే పాత ఫ్యూజు దాని మీదే కూర్చుంటుంది, పక్కనే మన కొత్త లైనుకి ఇంకో ఫ్యూజు కూర్చుంటుంది. క్యాబిన్ లైటు లాంటి మామూలు లైను గుంటలో పెట్టుకోవాలి, ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ (బ్రేకులకి సంబంధించినది) అని రాసి ఉన్న గుంటల జోలికి పోకూడదు. ఎర్త్ కోసం డ్యాష్‌బోర్డు కింద రేకుకి కంపెనీ వాళ్ళే బిగించిన బోల్టు ఉంటుంది, దానికి రింగు టెర్మినల్ వేసి గట్టిగా బిగించాం. రంగు వేసిన రేకు మీద స్క్రూ కొట్టి ఎర్త్ అంటే కుదరదు, మన తేమకి ఆరు నెలల్లో అక్కడ తుప్పే ఉంటుంది.

తలుపు స్విచ్చి సంగతి? కారుది వాడలేదు. ఇళ్ళలో దొంగల అలారానికి తలుపు చట్రం మీద పెట్టే అయస్కాంతం స్విచ్చి ఉంటుంది కదా, అదే నాలుగు కొన్నాం. అందులో ఒక జాగ్రత్త ఉంది, అయస్కాంతం దగ్గరగా ఉంటే కలిసేవి కొన్ని, దూరం జరిగితే కలిసేవి కొన్ని. మనకి రెండోది కావాలి, తలుపు తెరిస్తే అయస్కాంతం దూరమై లైటు వెలగాలి. ఇప్పుడు ఏ తలుపు తీస్తే ఆ ప్లేటే వెలుగుతుంది, డ్యాష్‌బోర్డు మీద బొమ్మ కూడా సరిగ్గా చూపిస్తోంది. స్టీరింగు కింద ఒక చిన్న బటన్ కూడా పెట్టాం, సర్వీసు సెంటర్లో తలుపులు గంటల తరబడి తెరిచి ఉంచితే ఆపేయడానికి. వైరు మాత్రం ప్లేటుతో వచ్చినది ఎంత తక్కువ దూరం ఉంటే అంత మంచిదని మిగతా దారంతా కొంచెం లావుది కొత్తది వేశాడు బావ, వైర్ల కట్ట పక్కనే క్లాత్ టేపుతో చుట్టుకుంటూ. మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు మన ఎండకి జిగురు కారి ఊడిపోతుంది, చూసే ఉంటారు. ప్లాస్టిక్ మళ్ళీ నొక్కేటప్పుడు ప్రతి క్లిప్పు కిందా వేలు పెట్టి తడిమి, వైరు లేదని చూసుకుని అప్పుడు నొక్కాం. స్క్రూడ్రైవరుతో పెకలిస్తే ఆ క్లిప్పులు విరుగుతాయి, వాటికి ప్లాస్టిక్ పట్టీలు దొరుకుతాయి, అవే వాడాలి.

పొద్దున్న తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రం నాలుగయింది. ఇరవై అయిదు నిమిషాల పని కాదిది. ఆ కుర్రాణ్ణి నేను తిట్టను, 400 రూపాయలకి ఏడు గంటల పని ఎవరు చేస్తారు? మనమే ఫిట్టింగు ఫ్రీ అంటే సంతోషిస్తాం, ప్లేట్ల ధర దగ్గర గంట బేరమాడతాం. పని తెలిసినవాడు 1500 అడిగితే ఇవ్వాలి, ఎదురుగా నిలబడి చేయించుకోవాలి. మన ఆటోనగర్‌లో అలాంటి ఆటో ఎలక్ట్రీషియన్లు లేకపోలేదు, లారీల వైరింగు మొత్తం కొత్తగా అల్లే చేతులున్న ఊరు ఇది.

వైర్లే లేని రకం ఉంది కదా, ఇంత తలనొప్పి ఎందుకు అని అడుగుతారు. బటన్ సెల్లుతో పనిచేసేది, అతికించేస్తే చాలు. నేనూ ఆలోచించాను. సీఆర్2032 సెల్లులో సుమారు 220 మిల్లీ ఆంపియర్-అవర్లు ఉంటాయి, లైటు 25 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే తొమ్మిది గంటల వెలుగు. తలుపు తీసిన ప్రతిసారీ పదిహేను సెకన్లు అనుకుంటే రెండు వేల సార్లు పైనే వస్తుంది, రోజుకి పదిసార్లయితే ఏడు నెలలు. కాగితం మీద లెక్క బాగానే ఉంది, అంత కరెంటు లాగితే సెల్లు నిజానికి ఇంకా తక్కువే ఇస్తుంది. మా ఇంట్లో మాత్రం అక్క కూతురికి మూడేళ్ళు, ఆ పిల్ల చేతికి బటన్ సెల్లు దొరికే అవకాశం కూడా నాకొద్దు. అది పిల్లల గొంతులో ఇరుక్కుంటే కొద్ది గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. చిన్నపిల్లలు లేని ఇంట్లో, మూతకి స్క్రూ ఉన్న రకం దొరికితే, పర్వాలేదు, కోసి అతికించిన వైర్ల కన్నా అదే వెయ్యి రెట్లు నయం. ఛార్జింగు లిథియం బ్యాటరీ ఉన్నవి మాత్రం వద్దు, మే నెలలో ఎండలో నిలబెట్టిన కారు లోపలి వేడిలో అలాంటి బ్యాటరీని ఉంచడం నాకు నచ్చదు.

రంగు గురించి కూడా ఒక మాట. మొదట వేసిన నీలం ప్లేట్లు తీసేసి లేత పసుపు కలిసిన తెలుపు పెట్టాను. నీలం ఎల్ఈడీ గొప్ప విషయమే. దాన్ని కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురాలకి భౌతిక శాస్త్రంలో నోబెల్ ప్రకటించింది 2014 అక్టోబరు 7న, సరిగ్గా మన మీద హుద్‌హుద్ పడడానికి అయిదు రోజుల ముందు. ఆ నీలం లేకపోతే తెల్ల ఎల్ఈడీ లేదు, తుపాను తర్వాత మన వీధుల్లో పాత దీపాల స్థానంలో పెట్టిన కొత్త ఎల్ఈడీలూ లేవు. కానీ చీకట్లో పెద్దవాళ్ళ కంటికి నేరుగా నీలం కొడితే వెలుగుతున్న అక్షరాలు కనిపిస్తాయి, వాటి పక్కన నేల కనిపించదు. మనకి కావలసింది నేల. అక్షరాలు ఎంత జిగేలుమంటే అంత మంచిదనుకోవడం తప్పు, ప్లేటు వెలుగు కింది నేల మీద జానెడు మేర పరుచుకోవాలి, అంతే.

ప్లేటు స్టీలు కూడా చూసుకోవాలి. స్టెయిన్‌లెస్ అని రాసినవన్నీ ఒకటి కావు. చవక 202 రకం అయితే సముద్రపు గాలికి ఏడాదిలో గోధుమ రంగు చుక్కలు పడతాయి, 304 రకం అయితే చాలాకాలం తట్టుకుంటుంది. అతికించే ముందు గట్టుని సబ్బునీళ్ళతో కాదు, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, బాగా ఆరాక నొక్కిపట్టి, ఒక రోజంతా దాని మీద కాలు పెట్టకుండా ఉంచాలి. వాన రోజుల్లో ఈ పని పెట్టుకోకపోవడం మేలు.

పోలీసులు పట్టుకోరా అని మా పక్క ఫ్లాట్ ఆయన అడిగారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పేది ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని. తలుపు తీసినప్పుడు మాత్రమే గట్టు మీద వెలిగే దీపం ఆ వివరాల్లో దేన్నీ మార్చదు. నడుస్తున్న బండి కింద నీలం ఎరుపు లైట్లు తిప్పుకుంటూ బీచ్ రోడ్డు మీద పోవడం వేరే సంగతి, దానికి నేను వ్యతిరేకిని, ఎదుటివాడి కళ్ళు చెదరగొట్టే హక్కు ఎవరికీ లేదు. ఇన్సూరెన్సు వాళ్ళకి మాత్రం రెన్యువల్ అప్పుడు బిల్లు చూపించి ఎలక్ట్రికల్ యాక్సెసరీగా రాయించుకోండి. చెప్పకుండా పెట్టిన వైరు వల్ల ఏదైనా జరిగితే వాదించడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

షో కదా అన్న ఫ్రెండ్స్‌లో ఒకరి నాన్నగారికి ఈ మధ్యే కంటి ఆపరేషను అయింది. వాళ్ళ కారుకి వేయడానికి వచ్చే ఆదివారం బావని అడిగాను. సరే అన్నాడు, ఫ్యూజు అడాప్టరు తనే తెస్తానన్నాడు.

అమ్మ విషయం చెప్పి ఆపుతాను. కొత్త ప్లేట్లు పెట్టిన రోజు రాత్రి ఆవిణ్ణి కిందికి తీసుకెళ్ళి, ఎక్కి దిగి చూడమన్నాను. వెనక తలుపు తీయగానే గట్టు పొడవునా వెలుగు పరుచుకుంది. కాలు ఎత్తి, ఆ వెలుగు మీద పెట్టబోయి ఆగిపోయింది.

"ఏమైందమ్మా?"

"గడపలాగుంది కదరా. గడప మీద కాలెట్టకూడదు."

కాలు ఇంకాస్త పైకెత్తి, ఆ గట్టు దాటించి లోపల పెట్టింది. దిగేటప్పుడూ అంతే, ముందు వెలుగు వైపు చూసుకుని, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండు కాళ్ళూ దాన్ని దాటించి నేల మీద పెట్టింది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఆ ప్లేటు తొక్కలేదు. మొన్న దసరాకి నాలుగింటికీ బొట్లు పెట్టింది, పసుపు నీళ్ళు కూడా చల్లబోతుంటే ఎడమ వెనక తలుపు దగ్గర మాత్రం వద్దని చెయ్యి పట్టుకున్నాను.